ఏబీఎస్ లైట్ ఒకరోజు వస్తుంది ఒకరోజు రాదు, సెన్సర్ మార్చినా అదే కథ, ఎక్కడ వెతకాలి?

పాతబండి

అందరికీ నమస్తే. మా కారుకి 17 ఏళ్లు, 2 లక్షల కిలోమీటర్లు దాటింది, ఇంజన్ గేర్‌బాక్స్ ఇప్పటికీ బంగారం, దాన్ని వదులుకోవాలని అస్సలు లేదు. కానీ నాలుగు నెలల నుంచి ఏబీఎస్ తో, అదే గట్టి బ్రేక్ లో చక్రాలు తిరగడం ఆగి (లాక్ అయి) జారిపోకుండా చూసేదానితో, నిద్ర పట్టట్లేదు. కీ ఆన్ చేస్తే లైట్ వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది, అది మామూలే కదా, తర్వాత బండి బయల్దేరాక ఒక్కోసారి ఐదు నిమిషాలకి ఒక్కోసారి గంటకి మళ్లీ వెలుగుతుంది, ఒక్కోసారి వారమంతా రాదు. వచ్చిందంటే బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసేదాకా పోదు.

ఇంకోటి కూడా ఉంది. రోడ్డు పొడిగానే ఉంటుంది, నెమ్మదిగా బ్రేక్ వేసి ఆపబోతుంటే, ఇక ఆగిపోయింది అనుకున్న ఆఖరి క్షణంలో పెడల్ కాలికింద గరగరమని వణికి బండి ఇంకో రెండు మూడు అడుగులు ముందుకి జారుతుంది. మొన్న ముందు బండికి తగలబోయి ఆగాం. ఆ రోజు బండి నడిపింది మా ఆవిడ, వెనక పిల్లలు ఉన్నారు, అప్పటినుంచి తను స్టీరింగ్ ముట్టుకోవట్లేదు.

వర్క్‌షాప్ లో స్కాన్ చేసి ఫ్రంట్ లెఫ్ట్ వీల్ స్పీడ్ సెన్సర్ అన్నారు, మార్చారు, రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదలు. ఇప్పుడేమో ఏబీఎస్ ని నడిపే కంప్యూటర్ పెట్టె, అదే మాడ్యూల్, పోయింది అది మార్చాలంటున్నారు, దాని రేటు వింటే బండి రేటులో సగం. ఇంట్లో మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. మాడ్యూల్ దాకా వెళ్లే ముందు నేనే చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? ఇంకా, లైట్ వెలిగినప్పుడు అసలు బ్రేకులు పనిచేస్తాయా లేదా అన్నది కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నల్లగ్రీజు

ముందు ఆఖరి ప్రశ్నకి. లైట్ వెలిగితే ఏబీఎస్ ఒక్కటే పక్కకి తప్పుకుంటుంది, మామూలు బ్రేక్ అలాగే ఉంటుంది, గట్టిగా తొక్కితే చక్రం లాక్ అవ్వచ్చు అంతే. కానీ ఏబీఎస్ లైట్ తోపాటు డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర బ్రేక్ లైట్ కూడా వెలిగితే అది వేరే సంగతి, ఫ్లూయిడ్ తగ్గి ఉండచ్చు లేదా వెనక చక్రాలకి ప్రెషర్ పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండచ్చు, అప్పుడు ఆ బండి నడపొద్దు.

ఇప్పుడు అసలు విషయం. మీరు చెప్పిన రెండు లక్షణాల్నీ ఒకే జబ్బు అనుకోవద్దు. లైట్ వెలిగిందంటే మాడ్యూల్ కి "ఈ సిగ్నల్ నమ్మడానికి లేదు" అని తెలిసిపోయింది, అందుకే ఏబీఎస్ ని ఆపేసింది. పెడల్ వణికిందంటే మాడ్యూల్ కి ఆ అనుమానమే రాలేదు, సిగ్నల్ ని నమ్మింది, నమ్మి ఒక చక్రం లాక్ అయిపోయిందనుకుని ఆ చక్రం బ్రేక్ ప్రెషర్ వదిలింది. మొదటిది సిగ్నల్ తెగిపోవడం, రెండోది సిగ్నల్ అబద్ధం చెప్పడం. రెండూ ఒకే చక్రంలో ఉండచ్చు, ఉండకపోనూవచ్చు. వర్క్‌షాప్ లో స్కానర్ చూపించిన తప్పు నంబరు, అంటే కోడ్, చూసి ఆగిపోయారు, కోడ్ మొదటిదాని గురించే చెప్తుంది, రెండోదానికి చాలాసార్లు కోడే పడదు.

కాబట్టి ఇవి చెప్పండి. లైట్ వెలిగి ఉన్నప్పుడు ఎప్పుడైనా పెడల్ వణికిందా? కోడ్ పక్కన ఏం రాసి ఉంది, సర్క్యూట్ ఓపెన్ అనా, సిగ్నల్ సరిగ్గా లేదు అనా? లైట్ ఎక్కువగా మలుపుల్లో వస్తోందా, గుంతల్లోనా, ఇంజన్ వేడెక్కాకా, వానలోనా?

నాలుగో_గేర్

నాకూ అచ్చం ఇలాగే వణికేది అన్నా. ఏబీఎస్ ఫ్యూజు పీకేశాను, రెండేళ్లయింది, ఒక్క ఇబ్బంది లేదు. ఏబీఎస్ లేని బళ్లు మనం నడపలేదా ఏంటి.

వైరు_వెతుకు

ఫ్యూజు పీకేయమని దయచేసి ఎవరికీ చెప్పకండి. ఏబీఎస్ లేకుండా తయారైన బండికి వెనక చక్రాల ప్రెషర్ తగ్గించే వాల్వ్ విడిగా ఉండేది. ఏబీఎస్ తో వచ్చిన బళ్లు చాలావాటిలో ఆ వాల్వే ఉండదు, ఆ పని ఈబీడీ పేరుతో ఇదే మాడ్యూల్ చేస్తుంది. ఫ్యూజు తీస్తే అదీ పోతుంది. గట్టి బ్రేక్ లో ముందు కన్నా వెనక చక్రాలు ముందు లాక్ అయితే బండి అడ్డం తిరుగుతుంది. రెండేళ్లు ఏం కాలేదంటే ఆ రెండేళ్లలో అంత గట్టి బ్రేక్ అవసరం పడలేదని అర్థం.

పాతబండి గారూ, మాడ్యూల్ మాట పక్కన పెట్టండి, ముందు వైరింగ్. ఈ వయసు బళ్లలో ఎక్కువ శాతం, అంటే నేను చూసినంతలో, సెన్సర్ నుంచి బాడీకి వెళ్లే వైర్ లోనే ఉంటుంది రోగం. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా సస్పెన్షన్ లేచి దిగినప్పుడల్లా ఆ వైర్ వంగుతుంది, లక్షల సార్లు వంగి వంగి లోపల రాగి పోగులు తెగుతాయి, పైన రబ్బరు తొడుగు మాత్రం కొత్తదానిలా నున్నగా ఉంటుంది, కంటికి ఏం కనపడదు. నిటారుగా ఉన్నప్పుడు తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి మీటర్ పెడితే బాగానే చూపిస్తుంది, అందుకే షెడ్ లో అంతా ఓకే, రోడ్డు మీద లైట్.

మొదట మీ బండిలో ఏ రకం సెన్సరో తెలుసుకోండి, ఇది చాలా ముఖ్యం. పాతరకం అయితే లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ కాయిల్, ఎదురుగా చక్రంతోపాటు పళ్ల రింగు తిరుగుతుంటే తనంతట తానే ఏసీ వోల్టేజ్ పుట్టిస్తుంది. దానికి ఓమ్స్ కొలవచ్చు, చాలా బళ్లలో 1 నుంచి 2 కిలోఓమ్స్ మధ్య ఉంటుంది, ఖచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్ లో ఉన్నదే లెక్క, అది దొరక్కపోతే ఎడమ కుడి పోల్చి చూడండి, దాదాపు సమానంగా ఉండాలి. కొత్తరకం అయితే మాడ్యూల్ నుంచి కరెంట్ తీసుకుని పనిచేసే ఎలక్ట్రానిక్ సెన్సర్, దానికీ రెండే వైర్లు, చూడ్డానికి తేడా తెలీదు, కానీ దానికి ఓమ్స్ మీటర్ పెట్టకూడదు, అంకె అర్థంలేనిది వస్తుంది, సెన్సర్ కి దెబ్బ కూడా తగలచ్చు. తేలిగ్గా తెలుసుకోవాలంటే సెన్సర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) విప్పి, కీ ఆన్ చేసి, బండి వైపు పిన్నుల మధ్య డీసీ వోల్టేజ్ చూడండి. బ్యాటరీ వోల్టేజ్ కి దగ్గర్లో వస్తే కొత్తరకం. పాతరకంలోనూ మాడ్యూల్ చిన్న వోల్టేజ్ పంపచ్చు, దాన్ని చూసి పొరబడకండి. కప్లర్ విప్పి కీ ఆన్ చేశారు కాబట్టి ఒక కోడ్ పడుతుంది, దానికి కంగారు పడొద్దు, తర్వాత చెరిపేయొచ్చు.

పాతరకమే అయితే అసలు పరీక్ష ఇది. బ్యాటరీ నెగటివ్ తీసేసి మాడ్యూల్ పెద్ద కప్లర్ విప్పండి, వైరింగ్ డయాగ్రం చూసి ఆ చక్రానికి వెళ్లే రెండు పిన్నుల మీద మీటర్ పెట్టండి. అక్కడినుంచి కొలిస్తే వైర్, మధ్య కప్లర్, సెన్సర్ అన్నీ ఒకేసారి కొలిచినట్టు. మీటర్ ముల్లు పిన్ను రంధ్రంలోకి గుచ్చొద్దు, పిన్ను వదులైతే వచ్చీపోయే కొత్త రోగం మీరే తయారు చేసుకున్నట్టు, సన్నటి పిన్ను ఏదైనా మెల్లగా ఆనించి పట్టుకోండి. ఇప్పుడు ఇంకొకరు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పాలి, తర్వాత వైర్ ని సెన్సర్ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం వంచుతూ లాగుతూ రావాలి, ముఖ్యంగా స్ట్రట్ కి (చక్రం దగ్గర నిలువుగా ఉండే సస్పెన్షన్ కడ్డీ) బిగించిన క్లిప్ దగ్గర, బాడీలోకి దూరే రబ్బరు దగ్గర. అంకె ఒక్క క్షణం ఎగిరినా దొంగ దొరికినట్టే. అలాగే ఆ రెండిట్లో ఏ పిన్నుకీ బాడీ ఎర్త్ కీ మధ్య కంటిన్యుటీ, అంటే కరెంట్ పోయే దారి, ఉండకూడదు.

పాతబండి

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. నల్లగ్రీజు గారు అడిగినవాటికి: ఎర్ర లైట్ ఎప్పుడూ రాలేదు. కోడ్ రిపోర్ట్ ఫోన్ లో ఫొటో ఉంది, సి0035, లెఫ్ట్ ఫ్రంట్, సర్క్యూట్ ఓపెన్ అనే ఉంది, ఇంకే కోడూ లేదు. లైట్ ఎప్పుడు వస్తోందో వారం రోజులు డైరీలో రాశాను, ఏడుసార్లు వస్తే ఐదుసార్లు మలుపులోనో యూ టర్న్ లోనో, రెండుసార్లు గుంతలో. వేడికీ వానకీ సంబంధం కనపడలేదు.

ఇంకా, మీరు అడిగేదాకా నేను గమనించనిది, లైట్ వెలిగి ఉన్నప్పుడు ఒక్కసారి కూడా పెడల్ వణకలేదు! వణికిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డ్ శుభ్రంగా ఉంది. మీరన్నట్టే రెండూ వేరు. ఆదివారం మీటర్ తో కూర్చుంటాను.

టంకం_పొగ

మాడ్యూల్ ని పూర్తిగా కొట్టిపారేయకండి. ఆ కాలం మాడ్యూళ్లలో లోపల టంకం అతుకులు, సన్నటి వైర్ బాండ్లు వేడికి చల్లదనానికి సాగి సాగి విరగడం నిజంగా ఉంది, నేను బోర్డులు రిపేర్ చేస్తాను కాబట్టి చాలా చూశాను. కానీ అది వేరేగా కనపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి ఇంజన్ రూమ్ వేడెక్కాక లైట్ రావడం, ఒకేసారి రెండు మూడు చక్రాల కోడ్లు పడటం, పంప్ మోటర్ కోడ్ రావడం, స్కానర్ కి మాడ్యూల్ ఒకసారి దొరికి ఒకసారి దొరక్కపోవడం, ఇలా ఉంటుంది. మీది ఒకే చక్రం, అదీ మలుపులో. మాడ్యూల్ కి స్టీరింగ్ తిరిగిందని తెలీదు, వైర్ కే తెలుస్తుంది. నా దగ్గరికి బోర్డు తెచ్చినా ముందు వైరింగ్ చూసుకుని రమ్మని వెనక్కి పంపేవాణ్ణి. మాడ్యూల్ ఎర్త్ బోల్టు, బ్యాటరీ టెర్మినళ్లు మాత్రం తుప్పు గీకి బిగించండి, స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజ్ పడిపోతే కూడా ఈ లైట్ వచ్చేస్తుంది.

పాతబండి

దొరికింది!! ఆదివారం పొద్దున పెట్టుకుంటే మధ్యాహ్నానికి తేలింది.

కప్లర్ దగ్గర 0.4 వోల్ట్ వచ్చింది, పాతరకమే. సెన్సర్ దగ్గర ఎడమ 1.2, కుడి 1.15 కిలోఓమ్స్. మాడ్యూల్ కప్లర్ దగ్గర కూడా ఎడమ 1.2 వచ్చింది, ఒక్క నిమిషం నిరాశ పడ్డాను. మా అబ్బాయి స్టీరింగ్ మెల్లగా కుడికి తిప్పుతుంటే చివరికి వచ్చేసరికి మీటర్ ఓపెన్ చూపించింది, వెనక్కి తిప్పితే మళ్లీ 1.2. పది సార్లు చేశాం, పదికి పది. చక్రం తీసి చూస్తే కొత్త సెన్సర్ ని దాని వైర్ మొత్తంతో పెట్టలేదు, మధ్యలో కోసి, స్ట్రట్ క్లిప్ కి కింద పాత వైర్ కే మెలిపెట్టి టేప్ చుట్టారు! అంటే వంగే భాగం అంతా 17 ఏళ్ల పాతదే. ఆ టేప్ విప్పితే అతుకు పచ్చగా చిలుము పట్టి ఉంది, క్లిప్ దగ్గర వైర్ వంచితే లోపల పోగులు లేనట్టు మెత్తగా మడత పడుతోంది.

ఫుల్ లెంగ్త్ వైర్ తో వచ్చే సెన్సర్ తెప్పించి కప్లర్ నుంచి కప్లర్ కి పెట్టాను, పాత క్లిప్పులన్నిట్లోనూ అదే దారిలో బిగించాను. పది రోజులైంది, లైట్ రాలేదు. కానీ వణుకు అలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే ఎక్కువైంది, ఇప్పుడు ఏబీఎస్ ఎప్పుడూ ఆన్ లో ఉంటోంది కదా.

నల్లగ్రీజు

భలే పట్టుకున్నారు. సగం పని అయింది. వణుకు ఎక్కువవడం సహజమే, ఇన్నాళ్లూ లైట్ వెలిగిన రోజుల్లో ఏబీఎస్ నిద్రపోయేది.

ఇప్పుడు అబద్ధం చెప్పే చక్రాన్ని పట్టుకోవాలి, దీనికి మల్టీమీటర్ చాలదు, ఏబీఎస్ లైవ్ డేటా చూపించే స్కానర్ కావాలి. ఇంజన్ కోడ్లు మాత్రమే చదివే చవక రీడర్లు చాలా ఉన్నాయి, అవి ఏబీఎస్ తలుపే తట్టవు, కొనే ముందు మీ బండి ఏబీఎస్ చదువుతుందో లేదో చూసుకోండి. నాలుగు చక్రాల స్పీడ్లూ ఒకే గ్రాఫ్ లో పెట్టి, ఖాళీ మైదానంలో 20 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా బ్రేక్ వేసి ఆపండి. నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి రికార్డ్ చేయించండి, ఆపాక చూసుకోండి. మూడు గీతలు కలిసి దిగుతుంటే ఒకటి ముందే సున్నాకి పడిపోతుంది. అదే మీ దొంగ.

ఎందుకంటే మీ పాతరకం సెన్సర్ లో చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే వోల్టేజ్ అంత తక్కువ. రింగుకీ సెన్సర్ కీ మధ్య గ్యాప్ పెరిగినా వోల్టేజ్ తగ్గుతుంది. వేగంగా వెళ్తున్నంతసేపూ ఆ లోటు తెలీదు, ఆగబోయే ముందు మాత్రం ఆ ఒక్క చక్రం సిగ్నల్ మాడ్యూల్ చదవగలిగే హద్దు కన్నా కిందికి పోతుంది, మిగతా మూడూ ఇంకా తిరుగుతున్నాయి, ఇదొక్కటే ఆగిపోయింది అంటే లాక్ అయిందన్నమాటే అనుకుని ప్రెషర్ వదిలేస్తుంది. అందుకే ఎప్పుడూ ఆఖరి రెండు మూడు అడుగుల్లోనే జరుగుతుంది.

గ్రాఫ్ లో గీత ముందే పడిపోకుండా చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక గంటు పడుతుంటే అది వేరు, రింగు చిట్లినట్టు, యాక్సిల్ మీద రింగుని పళ్లపళ్లకీ తిప్పి చూడాలి. అలాగే ఒక టైరు సైజు వేరుగా ఉంటే ఆ గీత మొదటినుంచీ కొంచెం దూరంగా నడుస్తుంది.

పాతబండి

స్కానర్ తెలిసినవాళ్ల దగ్గర ఒక రోజుకి అడిగి తెచ్చాను. ఎడమది అనుకుంటూ వెళ్లాను, ఎందుకంటే కథంతా అక్కడే నడిచింది కదా. కానీ గ్రాఫ్ లో పడిపోయింది ఫ్రంట్ రైట్! ఆరుసార్లు ఆపాం, ఆరుసార్లూ మిగతావి 9, 8 అని చూపిస్తుంటే కుడిది టక్కున సున్నా, మరుక్షణం పెడల్ వణుకు. ఇన్ని నెలల్లో ఆ చక్రం మీద ఒక్క కోడ్ పడలేదు.

ఇప్పుడు అక్కడ ఏం చూడాలి?

వైరు_వెతుకు

జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద పెట్టి చక్రం తీసే ముందు పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే వీల్ బేరింగ్, బేరింగ్ ఊగితే గ్యాప్ కూడా ఊగుతుంది, అప్పుడు మిగతావి ఏం చేసినా దండగ. ఆట లేకపోతే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) తో గ్యాప్ కొలవండి, ఎడమ కూడా కొలిచి పోల్చండి. స్టీల్ గేజ్ అయితే సెన్సర్ అయస్కాంతానికి అతుక్కుని తికమక పెడుతుంది, ఇత్తడిది దొరికితే మంచిది.

నా అనుమానం, సెన్సర్ కూర్చునే చోట నకిల్ (చక్రాన్ని మోసే లోహపు దిమ్మ) మీద తుప్పు పొర ఉబ్బి సెన్సర్ ని పైకి ఎత్తేసి ఉంటుంది. పాత బళ్లలో ఇది చాలా సాధారణం. సెన్సర్ ని సుత్తితో కొట్టి మాత్రం తీయొద్దు, ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది, దాన్ని డ్రిల్ చేసి తీయడం నరకం. తుప్పు వదిలించే నూనె రాత్రే కొట్టి వదిలేయండి, పొద్దున కొంచెం కొంచెం అటూ ఇటూ మెలితిప్పుతూ లాగండి, రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ ఓపిక.

పాతబండి

వైరు_వెతుకు గారూ, మీరు బండి చూడకుండానే చెప్పేశారు. బేరింగ్ లో ఆట లేదు. ఎడమ గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు, కుడి 1.6! సెన్సర్ బయటికి రావడానికి రెండు రాత్రులు పట్టింది కానీ విరక్కుండా వచ్చింది. కింద తుప్పు బిస్కెట్ లా పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, సెన్సర్ కొన మీద ఇనుప రజను మీసంలా అంటుకుని ఉంది. రింగు పళ్లన్నీ టార్చ్ వేసి చూశాను, చిట్లలేదు, పళ్ల మధ్య పేరుకున్న మట్టి గ్రీజు మాత్రం వైర్ బ్రష్ తో దులిపాను. నకిల్ మీద తుప్పు మెరిసే లోహం వచ్చేదాకా గీకి, ఎమెరీ పట్టించి, పల్చగా గ్రీజు రాసి అదే సెన్సర్ మళ్లీ పెట్టాను. ఇప్పుడు 0.8.

మైదానంలో ఇరవైసార్లు ఆపాం, నాలుగు గీతలూ అన్నదమ్ముల్లా కలిసి దిగుతున్నాయి, వణుకు లేదు. తర్వాత తడి మట్టి మీద కావాలని గట్టిగా తొక్కి చూశాను, పెడల్ దడదడమని కొట్టుకుంది, స్టీరింగ్ తిప్పితే బండి మాట వింది. అంటే పనిచేయాల్సినప్పుడు పనిచేస్తోంది. మాడ్యూల్ ని అసలు ముట్టుకోలేదు.

టంకం_పొగ

చాలా సంతోషం. పాత కోడ్లు చెరిపేసి నెల తర్వాత ఒకసారి మళ్లీ స్కాన్ చేసి చూడండి. వెనక రెండు సెన్సర్లు కూడా అదే వయసు కదా, వీలున్నప్పుడు వాటి కింద కూడా చూసి గీకండి, ఇప్పుడైతే విరక్కుండా వస్తాయి.

నాలుగో_గేర్

ఇదంతా చదివాక నా బండి గ్యాప్ కొలిచాను, వెనక ఎడమది 1.9 ఉంది, మిగతావి 1 లోపే. ఈబీడీ సంగతి నాకు నిజంగా తెలీదు అన్నా. ఫ్యూజు పెట్టేశాను, తుప్పు నూనె కొట్టి ఉంచాను. సెన్సర్ ఇంకా కదలట్లేదు, ఎన్ని రోజులు ఆగచ్చు?

వైరు_వెతుకు

వచ్చేదాకా ఆగండి, రోజుకి రెండుసార్లు నూనె కొట్టండి. బోల్టు తీసేశాక సెన్సర్ చెవి దగ్గర స్పానర్ పెట్టి వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ కదలికే నూనెని లోపలికి లాగుతుంది. అప్పటిదాకా ముందు బండికి దూరం ఎక్కువ ఉంచి నడపండి, వణుకు ఉంటుంది.

పాతబండి

ఈ రోజు మా ఆవిడ పిల్లల్ని తీసుకుని తనే నడుపుకుంటూ వెళ్లొచ్చింది. రాగానే "పెడల్ బాగుంది" అంది. వచ్చే ఆదివారం వెనక సెన్సర్లు తీస్తున్నాను.